ఎండల ఊళ్లలో పూల వాకిళ్లు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో అలంకరణ మొక్కలకు అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. మధ్యాహ్నం వేడి 45 డిగ్రీలు దాటే రోజులు ఈ ఊళ్లకు కొత్త కావు. మిద్దె మీది గచ్చు అంతకంటే ఎక్కువ కాగుతుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండను తాగి లోపలి మట్టిని కూడా మరిగిస్తుంది. మట్టి వేడి 40 డిగ్రీలకు చేరితే చాలా మొక్కల వేళ్లు నీళ్లు పీల్చుకోలేవు. పైన ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకును చూసి ఇంటివాళ్లు మళ్లీ ఓ చెంబెడు పోస్తారు. అప్పటికే తడిగా, వేడిగా ఉన్న మట్టిలో గాలి ఆడక వేళ్లు కుళ్లుతాయి. వారం తిరగకముందే మొక్క పోతుంది. ఎండకు మాడిపోయిందని అందరూ అనుకుంటారు గానీ, ఇలా పోయే మొక్కల్లో చాలావాటిని చంపేది ప్రేమతో పోసిన నీళ్లే.

మండే ఎండలోనూ పచ్చగా ఉండే ఇళ్లు ఈ మూడు పట్టణాల్లో వీధికొకటైనా కనిపిస్తాయి. అక్కడ మొక్క ఎంపిక, మట్టి, నీళ్లు పోసే పద్ధతి మూడూ ఈ నేలకూ ఈ ఎండకూ సరిపడేలా ఉంటాయి. అందుకు డబ్బుతో గానీ అదృష్టంతో గానీ పని లేదు.

వాకిలి నుంచి మిద్దెకు

పెంకుటిళ్ల కాలంలో వాకిట్లో తులసి గద్దె ఉండేది. బావి దగ్గర మల్లె పొద, గోడవారన మందారం, నందివర్ధనం, గన్నేరు, వంటింటి వెనక నీళ్లు పారేచోట అరటి, కనకాంబరాలు ఉండేవి. అవన్నీ నేలలో నాటినవి. నేల పైపొర ఎంత కాగినా రెండడుగుల లోతున చల్లగానే ఉంటుంది. వేరు తనకు కావాల్సిన తేమను తానే వెతుక్కుంటుంది. వారం రోజులు ఊరెళ్లి వచ్చినా మందారానికి ఏమీ అయ్యేది కాదు.

2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలుగా ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రాలైన ఊళ్లలో స్థలం ధర పెరిగింది, గజం గజం లెక్కపెట్టి కట్టే ఇళ్లు వచ్చాయి. దుబాయి, మస్కట్ సంపాదనతో కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల లేచిన స్లాబు ఇళ్లలో వాకిలి మొత్తం సిమెంటు, టైల్సే. మొక్క కుండీలోకి, కుండీ మిద్దె మీదికి చేరాయి. కుండీలోని వేరుకు పారిపోయే చోటు లేదు. అది తాగే ప్రతి చుక్కా, తినే ప్రతి పిడికెడూ మనిషి చేతి మీదుగానే రావాలి. పాతకాలపు అలవాట్లతో కుండీ మొక్కను పెంచలేకపోవడానికి కారణం ఇదే.

మిద్దెతోట అన్న మాటను తెలుగు ఇళ్లలో పాకించినవాళ్లలో కథకుడు తుమ్మేటి రఘోత్తమ రెడ్డి ఒకరు. ఆయన దృష్టి ఎక్కువగా కూరగాయల మీద. అయినా స్లాబు బరువు, నీటి పారుదల విషయంలో పూలమొక్కలకూ అవే జాగ్రత్తలు వర్తిస్తాయి. 12 అంగుళాల కుండీ తడి మట్టితో 20 కిలోలు తూగుతుంది. అలాంటివి ముప్పై నలభై పెట్టేవాళ్లు వాటిని స్లాబు నడుమ గుంపుగా పెట్టకూడదు, కింద గోడలూ దూలాలూ ఉన్నచోట్ల వరుసగా పెట్టాలి. ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెడితే అదనపు నీళ్లు పారిపోతాయి, కాగిన గచ్చు వేడి నేరుగా కుండీకి తగలదు. కుండీల బయటి వైపు సున్నం కొట్టడం, తెల్ల రంగు వేయడం పైసా ఖర్చుకు రూపాయి ఫలితం ఇచ్చే పని.

కడియం లారీలో వచ్చిన మొక్క

ఈ ఊళ్ల నర్సరీల్లో, సంతల్లో, బండ్ల మీద అమ్మే మొక్కల్లో పెద్ద భాగం తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల నుంచి వస్తుంది. ఆ నర్సరీలు దేశంలోనే పేరుపొందినవి. గోదావరి ఒడ్డు, డెల్టా నేల, సముద్రపు తేమగాలి, పైన నీడ వలల మధ్య పెరిగిన మొక్క సుమారు 400 కిలోమీటర్లు లారీలో ప్రయాణించి జగిత్యాల గాలిలో దిగుతుంది. కొన్న రోజు మిలమిలలాడిన క్రోటన్ పదో రోజుకు ఆకులు రాల్చడంలో నర్సరీవాళ్ల మోసం ఏమీ లేదు. మొక్క చోటు మారింది, అంతే.

కొత్త మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెట్టకూడదు, తెచ్చిన రోజే కుండీ మార్చకూడదు. పది పదిహేను రోజులు వరండాలోనో చెట్టు నీడలోనో ఉంచి, ముందు పొద్దుటి ఎండకు, ఆ తర్వాత పగటి ఎండకు అలవాటు చేయాలి. కొనేటప్పుడు నిండా పూలున్న మొక్క కంటే మొగ్గలూ కొత్త చిగుళ్లూ ఉన్న మొక్క మేలు. ఆకు తిరగేసి చూడాలి, పురుగు ఉండేది అక్కడే. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటికొచ్చి ఉంటే ఆ మొక్క ఆ కవరులో చాలాకాలంగా ఇరుక్కుని ఉందని అర్థం. అలాంటిది తీసుకుంటే నాటేటప్పుడు చుట్టుకున్న వేళ్లను చేత్తో మెల్లగా విడదీయాలి.

ఏ మొక్క తెచ్చుకోవాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో నమ్మకంగా చెప్పగలిగిన మొదటి పేరు కాగితం పూలు. బోగన్‌విలియా పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1760ల్లో ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ చేసిన సముద్రయాత్రలో వృక్షశాస్త్రవేత్త కొమర్సన్ బ్రెజిల్‌లో దాన్ని సేకరించాడు. మనకు రంగుగా కనిపించేవి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ చిన్నగా, తెల్లగా ఉంటుంది. ఈ మొక్క పూయాలంటే రోజంతా ఎండ కావాలి, కాస్త దాహం కూడా వేయాలి. రోజూ నీళ్లు తాగించి, ఎరువు పెట్టి, నీడలో పెంచిన కాగితం పూల మొక్క పచ్చటి తీగ మాత్రమే సాగుతుంది. పూయడం లేదని బాధపడేవాళ్లు నీళ్లు తగ్గించి చూడాలి.

రెండో పేరు ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం. ఒమన్‌తో సహా అరేబియా, తూర్పు ఆఫ్రికా పొడినేలలు దాని సొంత ఊళ్లు. గల్ఫ్‌కు వెళ్లొచ్చిన కుటుంబాల వాకిళ్లలో అది కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఉబ్బిన మొదట్లో నీళ్లు దాచుకుంటుంది. మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ నీళ్లు అడుగుతుంది. చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది, అప్పుడు నీళ్లు పోస్తే మొదలు మెత్తబడి కుళ్లుతుంది. కొడుకులు దూరదేశాల్లో, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇళ్లకు ఇంతకంటే అనువైన పూలకుండీ లేదు. నందివర్ధనం, గన్నేరు, బిళ్లగన్నేరు, నూరువరహాలు, కలబంద కూడా ఎండను తట్టుకునే కోవలోవే. మల్లె, సన్నజాజి, మందారం కొంచెం ఎక్కువ కనిపెట్టుకుని ఉంటే బాగా పూస్తాయి. కనకాంబరానికి నడిపొద్దు ఎండ పనికిరాదు, చెట్టు నీడ చాలు.

గన్నేరు, అడీనియం, డిఫెన్‌బేకియా విషపు మొక్కలు. గన్నేరులో వేరు నుంచి గింజ దాకా ప్రతి భాగం గుండె మీద పనిచేసే విషమే. డిఫెన్‌బేకియా ఆకు నమిలితే నాలుక, గొంతు వాస్తాయి. పాకే పిల్లలున్న ఇంట్లో ఈ మూడింటినీ చేతికందని చోట ఉంచాలి. కత్తిరించిన కొమ్మలను పశువులు తినేచోట పడేయకూడదు. రోడ్ల మధ్య, ప్రహరీల వెంట విరివిగా నాటిన కోనోకార్పస్ సంగతి వేరు. దాని పుప్పొడితో శ్వాస ఇబ్బందులు వస్తున్నాయన్న ఫిర్యాదుల నడుమ 2022లో తెలంగాణ ప్రభుత్వం నర్సరీల్లో దాని పెంపకాన్ని ఆపించింది. ఇంటి కంచెకు కొత్తగా దాన్ని ఎంచుకోవాల్సిన అవసరం లేదు. గోరింట ఉండగా ఆ ఆలోచనే అక్కర్లేదు.

మట్టి, ఊక, ఎరువు

సిరిసిల్ల వైపు ఎర్రచెల్కలు ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పట్టీలో పసుపు, మక్క పండే నల్లరేగళ్లు కూడా ఉన్నాయి. పొలంలో బంగారం పండించే నల్లరేగడి కుండీకి మాత్రం మంచిది కాదు. తడిస్తే ఉబ్బి గాలి చొరకుండా గట్టిపడుతుంది. ఆరితే కుంచించుకుపోయి కుండీ గోడకూ మట్టికీ మధ్య పగులు వస్తుంది. అప్పుడు పోసిన నీళ్లు ఆ పగులు గుండా నేరుగా కింది రంధ్రంలోంచి పోతాయి. గచ్చంతా తడిసి, కుండీలో మట్టిగడ్డ నడుమ పొడిగానే ఉండిపోతుంది. నల్లమట్టి తప్ప వేరే దిక్కు లేకపోతే అందులో సగానికి సగం ఇసుక, ఎరువు కలపాలి.

మంచి మిశ్రమానికి కావాల్సినవన్నీ ఈ జిల్లాల్లో చేతికందే దూరంలోనే ఉన్నాయి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి గుప్పెడు వేపపిండి వేస్తే చాలా పూలమొక్కలకు సరిపోతుంది. మిద్దె మీద బరువు తగ్గించాలనుకుంటే ఇసుకకు బదులు వరిపొట్టు కలపొచ్చు. రైసుమిల్లులున్న జగిత్యాల లాంటి చోట ఊకకు కొదవ లేదు. పచ్చి ఊక కంటే కాస్త మాగినది, లేదా సగం కాలి నల్లబడినది మంచిది. పూర్తిగా కాలిన తెల్ల బూడిదను మాత్రం ఎక్కువ కలపకూడదు. అది క్షారగుణం పెంచుతుంది, ఈ నేలలకు ఆ గుణం ముందే తక్కువేమీ కాదు. కొబ్బరిపొట్టు తేమను బాగా పట్టి ఉంచుతుంది గానీ అడీనియం, నాగజెముడు జాతులకు అదే ముప్పు. వాటికి ఇసుక, సన్న కంకర సగం ఉండాలి.

బీడీలు చుట్టే ఇళ్లలో రోజూ మిగిలే తునికాకు ముక్కలు మంచి ఆకు ఎరువవుతాయి. సాధారణంగా చెత్తలో కలిసిపోయే ఆ ముక్కలను ఎండుటాకులతో, వంటింటి కూరగాయల తొక్కలతో కలిపి డ్రమ్ములో తడి తగ్గకుండా ఉంచి, పది రోజులకోసారి తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. పచ్చిపేడ నేరుగా కుండీలో వేస్తే అది మాగేటప్పుడు పుట్టే వేడికి వేళ్లు కాలతాయి. యూరియా చెంచాతో చల్లే అలవాటు అంతకంటే ప్రమాదం. రసాయన ఎరువే వాడాలనుకుంటే నీటిలో కరిగే 19-19-19ను లీటరుకు 2 గ్రాముల చొప్పున, మట్టి తడిగా ఉన్నప్పుడు, మొక్క చిగురించే నెలల్లో పదిహేను రోజులకోసారి పోస్తే చాలు. నడివేసవిలో ఏ ఎరువూ వద్దు.

ఇంటింటా నడిచే చిట్కాల్లో కోడిగుడ్డు పెంకులు ముఖ్యమైనవి. అవి మట్టిలో చాలా నెమ్మదిగా కరుగుతాయి, పైగా అవి ఇచ్చే సున్నం ఇక్కడి బోరు నీళ్లలో సరిపడా ఉంటుంది. చక్కెర కలిసిన టీపొడి చీమలను పిలుస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు అదే రోజు పోస్తే నష్టం లేదు, అద్భుతమూ లేదు.

నీళ్లు ఎప్పుడు, ఏ నీళ్లు

రోజుకెన్నిసార్లు నీళ్లు పోయాలన్న ప్రశ్నకు ఒక అంకె జవాబుగా ఉండదు. కుండీ పరిమాణం, మట్టి, ఎండ, మొక్క జాతి అన్నీ కలిసి నిర్ణయించే విషయం అది. చూపుడువేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడాలి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. పొడిగా ఉంటే కింది రంధ్రంలోంచి నీళ్లు కారేదాకా నిండుగా పోయాలి. పైపైన తడిపే అలవాటు వల్ల వేళ్లు పైకే పాకుతాయి, పైపొర కాగినప్పుడు మొదట మాడేవి అవే. మేలో చిన్న కుండీలకు పొద్దున ఆరుగంటల లోపు ఒకసారి, ఎండ వాలి గచ్చు చల్లబడ్డాక మరోసారి అవసరమవుతుంది. నడిమధ్యాహ్నం ఎండలో ఉన్న పైపులోంచి వచ్చే మొదటి నీళ్లు చేయి కాలేంత వేడిగా ఉంటాయి. ఆ నీళ్లు వదిలేశాకే పైపు మొక్క వైపు తిప్పాలి. సాయంత్రం ఆకు వాలి, పొద్దున్నే నిటారుగా నిలబడితే మొక్కకు దాహం లేదని గుర్తు. అది ఎండ నుంచి తనను తాను కాచుకుంటోంది.

నీటి రకమూ ముఖ్యమే. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర కడుతోందంటే బోరు నీళ్లలో లవణాలు పేరుకుంటున్నాయి. నెలకోసారి కుండీకి రెండింతల మంచినీళ్లు పోసి లవణాలను కడిగేయాలి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు జలాశయాల నుంచి వస్తాయి కాబట్టి చాలాచోట్ల బోరు కంటే మృదువుగా ఉంటాయి. బకెట్‌లో పట్టి ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ వాసన కూడా చాలావరకు పోతుంది. ఫిల్టరు యంత్రం వదిలేసే నీళ్లలో, వేసవిలో కూలరు తొట్టిలో మిగిలే నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి. వృథా చేయకూడదన్న మంచి ఆలోచనతోనే వాటిని కుండీల్లో పోస్తారు, మొక్కలకు మాత్రం ఆకుల కొసలు మాడతాయి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు ఉండవు, వాటిని నిరభ్యంతరంగా వాడొచ్చు. అన్నిటికంటే మేలైనది వాన నీరు.

లేత ఆకు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మందారం, గులాబీల్లో ఇక్కడ తరచుగా కనిపిస్తుంది. సున్నం ఎక్కువున్న మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం వేళ ఆకుల మీద పిచికారీ చేసి, వారానికి మరోసారి చేస్తే చిగుళ్లు పచ్చబడతాయి. ముదురు ఆకులు కింది నుంచి పసుపెక్కి రాలుతుంటే మాత్రం ముందు అనుమానించాల్సింది మట్టిలో నిలిచిన నీళ్లనే.

ఏడాది పొడవునా

తొలకరి పడ్డాక జూన్ చివర నుంచి ఆగస్టు దాకా నాటడానికి, కుండీ మార్చడానికి, కొమ్మలు పాతడానికి అనువైన కాలం. మందారం, నందివర్ధనం, కాగితం పూలు, గన్నేరు అన్నీ పెన్సిలంత లావు కొమ్మ నుంచి వేళ్లూనుతాయి. జానెడు కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, సగం ఇసుక కలిపిన మట్టిలో నీడన పాతితే నెలా నెలన్నరలో వేళ్లు వస్తాయి. మల్లె తీగకు నేల అంటు తేలిక. కొమ్మను వంచి కణుపు దగ్గర మట్టి కప్పి బరువు పెడితే చాలు. డబ్బు పెట్టి కొన్న పది మొక్కల కంటే ఇరుగుపొరుగు ఇచ్చిన పది కొమ్మలు బాగా బతుకుతాయి. అవి ఈ గాలికి, ఈ నీళ్లకు ముందే అలవాటు పడినవి.

వానాకాలంలో కుండీ రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడాలి. కింది పళ్లేల్లో, మనీప్లాంట్ సీసాల్లో నిలిచిన నీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. వారానికి ఒక రోజు పెట్టుకుని అన్నిటినీ వంపేయడం మొక్కల కంటే ఇంట్లో మనుషుల కోసం చేయాల్సిన పని.

దసరా దాటాక వానలు వెనక్కి తగ్గుతాయి. అక్టోబర్‌లో గులాబీలను కత్తిరిస్తే 6 నుంచి 8 వారాల్లో, చలి మొదలయ్యేసరికి, పెద్ద పూలు వస్తాయి. అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచే కొమ్మలు అడవి గులాబీవి, వాటిని మొదలంటా తీసేయాలి. మల్లెకు నవంబర్ చివర నుంచి నీళ్లు తగ్గించి, డిసెంబర్, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఎరువు పెట్టి నీళ్లు కడితే మార్చి నుంచి విరగబూస్తుంది. బంతి, చామంతి, పిటూనియా, డాలియా చలికాలపు అందం. ఈ ఊళ్లలో జనవరి దాకా రాత్రులు చల్లగా ఉండటం వాటికి కలిసొస్తుంది.

చామంతి సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. అది రాత్రి పొడవును కొలుచుకుని పూసే మొక్క. పగటి పొడవుకూ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ వెల్లడించారు. రాత్రులు పొడవు కాగానే చామంతి మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం, గేటు దీపం రాత్రంతా కుండీ మీద పడుతుంటే దానికి రాత్రి వచ్చిన సంగతే తెలియదు. ఏపుగా పెరిగి మొగ్గ వేయని చామంతిని సెప్టెంబర్ నుంచి దీపం పడని మూలకు మారిస్తే సరిపోతుంది. ఎరువులూ మందులూ కొనాల్సిన పని లేదు.

మార్చి మూడో వారానికల్లా మిద్దె మీద 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టాలి. కుండీలను ఒకదాని పక్కన ఒకటి చేర్చి, పెద్దవి పడమటి వైపు, చిన్నవి వాటి నీడలో పెట్టాలి. మట్టి మీద ఎండుటాకులో, కొబ్బరి పీచో, తునికాకు ముక్కలో రెండంగుళాల మందం కప్పితే నీళ్లు ఆవిరి కావడం బాగా తగ్గుతుంది.

పురుగులు, కోతులు, దూది

మందారానికి పిండినల్లి, గులాబీకి తామర పురుగు, వేసవిలో దాదాపు అన్నిటికీ ఎర్రనల్లి పడతాయి. కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే పైన పిండినల్లో పేనుబంకో ఉన్నట్టే. అవి స్రవించే తీపి కోసం చీమలు వాటిని కాపాడతాయి, ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు మోస్తాయి. మొదట పైపు నీళ్లతో ఆకు అడుగు భాగాన్ని గట్టిగా కడగాలి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం కొట్టాలి. వారానికోసారి చొప్పున మూడుసార్లు చేస్తేనే గుడ్ల నుంచి కొత్తగా వచ్చినవీ పోతాయి. పత్తి చేనుకు తెచ్చిన పురుగుమందును ఇంటి కుండీ మీద కొట్టడం పిల్లలున్న ఇంట్లో ఎంతమాత్రం తగని పని. ఎర్రనల్లి పొడిగాలిలో పెరుగుతుంది, రోజు విడిచి రోజు ఆకుల అడుగున నీళ్లు చల్లితే అదుపులో ఉంటుంది.

ఈ జిల్లాల్లో మొక్కలకు పురుగుల కంటే పెద్ద శత్రువు కోతులు. కొండగట్టు దారిలోనే కాదు, జగిత్యాల, కోరుట్ల వీధుల్లోనూ మందలుగా తిరిగి మందార మొగ్గలు, గులాబీ చిగుళ్లు తింటాయి, కుండీలు దొర్లిస్తాయి. గన్నేరు, నందివర్ధనం, అడీనియం లాంటి పాలు కారే మొక్కలను, కలబందను, ముళ్ల కాగితం పూలను అవి పెద్దగా తాకవు. మందారం, గులాబీ కావాలనుకునేవాళ్లు వాటిని ఇనుప జాలీ వేసిన వరండాలో పెంచుకోవడమే నికరమైన దారి. కుండీలను పిట్టగోడ మీద పెట్టకూడదు. కోతి తోస్తే కింద నడిచే మనిషి తల మీద పడుతుంది.

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే ఇళ్ల దగ్గర సమస్య మరోలా ఉంటుంది. గాలిలో తేలే నూలు పీచు, దూది ధూళి ఆకుల మీద పొరగా పేరుకుంటాయి. ఆ పొర వెలుతురును అడ్డుకుంటుంది, ఎర్రనల్లికి నీడనిస్తుంది. నూగు ఆకుల మొక్కలు ఇక్కడ వద్దు. నున్నటి, దళసరి ఆకుల రబ్బరు మొక్క, స్నేక్ ప్లాంట్, మనీప్లాంట్ అయితే తడిగుడ్డతో వారానికోసారి తుడిస్తే మెరుస్తాయి. ఇరుకు గదుల్లో కిటికీకి మూడు నాలుగు అడుగుల లోపు ఉంచితేనే ఇంటిలోపలి మొక్కకు చాలినంత వెలుతురు అందుతుంది. గది మూల నీడ మనిషి కంటికి వెలుగులా అనిపించినా మొక్కకు అది దాదాపు చీకటే.

గాలిని శుద్ధి చేస్తాయని చెప్పి ఇంటిలోపలి మొక్కలను అమ్మడం మామూలైపోయింది. 1989లో నాసా తరఫున వోల్వర్టన్ బృందం మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం నుంచి ఆ ప్రచారం పుట్టింది. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమ్మింగ్స్, వారింగ్ పాత ప్రయోగాలన్నిటినీ మళ్లీ లెక్కగట్టారు. మామూలు ఇంట్లో కిటికీల గుండా, సందుల గుండా జరిగే గాలిమార్పిడికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. దూది ధూళి నుంచి ఊపిరితిత్తులను కాపాడేది కిటికీ, మాస్కు మాత్రమే. మొక్కను కంటికి చల్లదనం కోసం, మనసుకు ఊరట కోసం పెంచాలి. అది చిన్న సంగతేమీ కాదు.

ఇంటింటా ఉన్న మనీప్లాంట్ పుట్టింది పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవిలో. అది పూయడం దాదాపు ఎవరూ చూసి ఉండరు. పూతను ప్రేరేపించే జిబ్బరెల్లిన్ అనే హార్మోను దానిలో తయారుకాదని 2016లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కొమ్మ తుంచి నాటడం ద్వారానే అది ప్రపంచమంతా పాకింది.

బతుకమ్మ కోసం నాలుగు కుండీలు

బంతి, చామంతి, గునుగు, తంగేడు, సీతజడ, కట్ల, రుద్రాక్ష, గుమ్మడి పూలు లేనిదే ఈ ఊళ్లలో బతుకమ్మ లేదు. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగిసే ఈ పండుగను సిరిసిల్ల పక్కనున్న వేములవాడలో ఏడో రోజుకే సద్దులు చేసి జరుపుకుంటారు. 2017 నుంచి 2023 దాకా ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం నేసింది సిరిసిల్ల సాంచాలే. ఆ చీర కట్టుకున్న ఆడబిడ్డలు బతుకమ్మకు పూలు మాత్రం ఏటా ఎక్కువ దూరం వెళ్లి తేవాల్సి వస్తోంది. చేలల్లో కలుపుమందు వాడకంతో గునుగు, బీడుభూములు ప్లాట్లు కావడంతో తంగేడు తరిగిపోతున్నాయి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం.

గునుగు, తంగేడు రెండింటినీ ఇంట్లో పెంచుకోవచ్చు. జూన్ చివర, జులై మొదట్లో గునుగు, సీతజడ, బంతి గింజలు చల్లితే పండుగ నాటికి పూతకొస్తాయి. గునుగు గింజ ఆవగింజ కంటే చిన్నది, పైన సన్నటి మట్టి పొర చాలు. బంతి నారు జానెడు ఎదిగాక నడి చిగురు తుంచితే పక్కకొమ్మలు వేసి పూలు రెట్టింపవుతాయి. తంగేడు గింజకు పెంకు గట్టి. కాచి దించిన వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, ఉబ్బిన గింజలను లోతైన కుండీలో గానీ ప్రహరీ మూలన నేలలో గానీ నాటాలి. మొదటి ఏడు వేరు దించుతుంది, రెండో ఏటికి నిలదొక్కుకుని ఆపైన నీళ్లు పోసినా పోయకపోయినా బతుకుతుంది. కొత్త మొక్కల మీద వందలు ఖర్చుపెట్టే ప్రతి ఇల్లూ ఈ వానాకాలం ఒక్క తంగేడుకు చోటివ్వాలి. గింజలు కొనక్కర్లేదు. చలికాలంలో రోడ్డు పక్క పొదల మీద ఎండిన కాయల్లో దొరుకుతాయి.